రోహిణి కార్తె ఎండ, మృగశిర వాన, మధ్యలో వైపర్

మృగశిర కార్తె మొదటి వాన పడ్డ మర్నాడు విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఏ స్పేర్ పార్ట్స్ షాపు దగ్గర నిలబడినా వైపర్ బ్లేడ్ల బేరం వినబడుతుంది. ఏ బండి, ఏ మోడల్ అని అడుగుతారు. ఓ జత తీసి ఇస్తారు. కుర్రాడొచ్చి రెండు నిమిషాల్లో బిగించేస్తాడు. పని అయిపోయిందనుకుని వెళ్లిపోతాం. వారం తిరక్కుండానే కొత్త బ్లేడు కిర్రుమంటుంది, అద్దం మీద గీతలు వదులుతుంది. తప్పు బ్లేడుదా, అద్దానిదా, బిగించిన చేతిదా అన్నది ఎవరూ తేల్చరు, మళ్లీ ఇంకో జత కొంటాం. ఇంత చిన్న వస్తువు మీద తయారీ కంపెనీల మాట ఒకటి, మెకానిక్‌ల మాట ఒకటి, హైవే మీదే బతికే లారీ డ్రైవర్ల మాట మరొకటి. వీటన్నిటినీ ఒకచోట పెట్టి, మన ఎండావానల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూడాల్సిన అవసరం ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మన రాష్ట్రాల్లో వానలో తిరిగి తిరిగి అరిగిపోయే వైపర్లు తక్కువ, ఎండలో పడి ఉండి పాడయ్యేవే ఎక్కువ. తెలంగాణలో, ఉత్తరాంధ్రలో వాటికి గట్టిగా పని తగిలేది జూన్ నుంచి అక్టోబరు దాకా. నెల్లూరు, తిరుపతి వైపు అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మిగతా నెలలన్నీ ఆ రబ్బరు కాలే అద్దానికి అతుక్కుని, ఒకే వైపుకి వాలి, దుమ్ము మింగుతూ కూర్చుంటుంది. అందుకే వానాకాలం మధ్యలో కాకుండా, మొదటి వానకే చేతులెత్తేస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ బ్లేడు కొనాలి, ఎప్పుడు కొనాలి, ఎలా చూసుకోవాలి అన్న ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

వైపర్ పుట్టింది మంచు పడే దేశంలో. అమెరికాలోని అలబామాకు చెందిన మేరీ ఆండర్సన్ శీతాకాలంలో న్యూయార్క్ వెళ్లినప్పుడు, మంచు కప్పేసిన అద్దంతో ట్రామ్ డ్రైవర్లు పడే అవస్థ చూసింది. లోపలి నుంచి చేత్తో తిప్పే మీటతో, అద్దాన్ని తుడిచే రబ్బరు పట్టీకి రూపమిచ్చి 1903 నవంబరులో పేటెంటు తీసుకుంది. దాన్ని కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ పేటెంటు గడువు ముగిసిపోయాక, 1922లో క్యాడిలాక్ తన కార్లన్నిటికీ వైపర్లు పెట్టింది. ఆమెకు మాత్రం దాని మీద ఒక్క డాలరు ముట్టలేదు. తరవాత చాలాకాలం ఇంజను పీల్చుకునే గాలితో నడిచే వైపర్లు వాడారు. వాటితో పెద్ద చిక్కు ఏమిటంటే, ఓవర్‌టేక్ చేయడానికి యాక్సిలరేటర్ తొక్కగానే వైపర్ నెమ్మదించేది. సరిగ్గా చూపు కావాల్సిన క్షణంలోనే అది ఆగినంత పని చేసేది. కరెంటు మోటార్లు వచ్చాక ఆ బాధ తీరింది.

ఆగి ఆగి కొట్టే వైపర్ కథ ఇంకా బాధాకరం. చిన్న జల్లుకు ఇప్పుడు మనం వాడే ఆ పద్ధతికి 1964లో పేటెంటు దరఖాస్తు చేసినవాడు రాబర్ట్ కెర్న్స్ అనే డెట్రాయిట్ ఇంజనీరు. పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా బిరడా తగిలి అతని ఎడమ కన్ను దాదాపు పోయింది. కనురెప్ప ఆగి ఆగి కొట్టుకున్నట్టే వైపర్ ఎందుకు కొట్టుకోకూడదన్న ఆలోచన అతనికి అలా వచ్చింది. తన పనిని కార్ల కంపెనీలు వాడుకున్నాయని ఫోర్డ్ మీద 1978లో కోర్టుకెక్కితే, 1990లో కోటి డాలర్లకు పైగా ఇచ్చి ఫోర్డ్ రాజీ పడింది. ఆ తరవాత క్రైస్లర్ మీదా గెలిచాడు. స్టీరింగు పక్కన ఉన్న ఆ చిన్న మీటను ఒక మెట్టు నెట్టినప్పుడల్లా మనం వాడుకుంటున్నది ఒక మనిషి జీవితకాలపు పోరాటాన్ని.

ఇక రబ్బరు దగ్గరికి వద్దాం. బ్లేడును తిరగేసి వెలుతురులో పట్టుకుని చూస్తే, కింద వెడల్పుగా ఒక భాగం, దాని నుంచి సన్నటి మెడ, ఆ మెడ చివర కత్తిరించినట్టున్న పెదవి కనిపిస్తాయి. పని చేసేది ఆ పెదవి చివర ఉన్న అంచు మాత్రమే. వైపర్ కుడికి వెళ్తున్నప్పుడు పెదవి ఎడమకు వాలి నీటిని ఈడుస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు మెడ దగ్గర మడత పడి రెండో వైపుకు వాలాలి. ఇలా వాలగలిగినంతకాలం వైపర్ నిశ్శబ్దంగా తుడుస్తుంది. రబ్బరు గట్టిపడితే పెదవి వాలదు, నిటారుగా నిలబడి అద్దాన్ని పొడుస్తూ ఎగిరెగిరి పడుతుంది. మనకు వినిపించే టకటక అదే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మంచి వైపర్ నీటిని పూర్తిగా తుడిచేయదు. అంతటా ఒకే మందంలో, కంటికి కనబడనంత పల్చటి పొర వదిలి వెళ్తుంది. వెలుతురు ఆ పొరలో చెదరకుండా లోపలికి వస్తుంది. పొర ఎగుడుదిగుడైనప్పుడే ఎదుటి బండి హెడ్‌లైటు అద్దమంతా పరుచుకుంటుంది.

వానాకాలపు రాత్రి రెండు వరసల రోడ్డు మీద నడిపినవారికి ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. అమెరికా భద్రతా నిబంధన ప్రకారం హై స్పీడులో వైపర్ నిమిషానికి కనీసం 45 సార్లు వెళ్లి రావాలి. అంటే ఒకసారి వెళ్లి రావడానికి సెకనున్నర లోపు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఆ కాస్త వ్యవధిలో దాదాపు 30 మీటర్లు ముందుకెళ్లిపోతుంది. బ్లేడు బాగుంటేనే ఇంత దూరం. ఒక దిశలో తుడిచి రెండో దిశలో మసక చేసే బ్లేడు అయితే, ఆ 30 మీటర్లలో సగం గుడ్డిగా నడిపినట్టే. రోడ్డు పక్కన రిఫ్లెక్టరు లేకుండా ఆగిన ట్రాక్టరు ట్రాలీ కనబడటానికి అంతకన్నా తక్కువ దూరమే ఉండవచ్చు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రెంటచింతలలో, రామగుండంలో, ఖమ్మంలో ఆ రోజుల్లో కారు బయట పెట్టి చూస్తే రబ్బరుకు ఏం జరుగుతుందో అర్థమవుతుంది. సహజ రబ్బరుకు వేడి, అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోన్ మూడూ శత్రువులే. ఎండలో వదిలేసిన రబ్బరు బ్యాండులాగే ఇదీ మెత్తదనం పోగొట్టుకుని అడ్డంగా సన్నటి పగుళ్లు పడుతుంది. పైగా పెదవి నెలల తరబడి ఒకే వైపుకు మడిచి ఉంటుంది కాబట్టి ఆ వంపే దానికి శాశ్వత రూపమైపోతుంది. దీనికి దుమ్ము తోడవుతుంది. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఎక్కువ. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ అద్దం కంటే గట్టిది. వేసవిలో అద్దం మసగ్గా ఉందని నీళ్లు చల్లకుండా పొడిగా వైపర్ తిప్పడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చెడ్డ అలవాటు. ఆ ఒక్క విసురుతో పెదవి అంచు చెక్కుకుపోతుంది, అద్దం మీద విల్లులాంటి సన్నగీత శాశ్వతంగా ఉండిపోతుంది. బ్లేడు మార్చుకోవచ్చు, గీతను మార్చలేం.

దుమ్ము కూడా ఊరికో రకం. చీమకుర్తి వైపు గ్రానైటు పొడి, కొత్తగూడెం, రామగుండం వైపు బొగ్గు పొడి, గోదావరి జిల్లాల్లో రైసు మిల్లుల ఊక బూడిద. విశాఖ బీచ్ రోడ్డు మీద నిలిపే కారుకు ఉప్పుగాలి పట్టి, ఇనుప ఫ్రేము ఉన్న బ్లేడు కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. మామిడి చెట్టు కింద కారు పెట్టేవారి బాధ ఇంకోటి. పూత సమయంలో తేనె మంచు పురుగు ఆకుల మీద కార్చే జిగట కింద ఉన్న అద్దం మీదా పడుతుంది. అది ఉత్త నీళ్లు చల్లితే తేలిగ్గా పోదు, వైపర్ తిప్పితే అద్దమంతా పులిమేస్తుంది. నూజివీడు ప్రాంతంలో ఏ తోట యజమానిని అడిగినా ఆ జిగట సంగతి చెబుతారు.

కొనేటప్పుడు షాపులో మూడు రకాలు చూపిస్తారు. ఇనుప ఫ్రేముతో, కీళ్లతో ఉండే పాత రకం. ఫ్రేము లేకుండా లోపల స్ప్రింగు పట్టీతో వంగి ఉండే ఫ్లాట్ రకం. దీన్ని బాష్ కంపెనీ 1999లో కార్లకు తెచ్చింది. ఫ్రేము మీద ప్లాస్టిక్ తొడుగు వేసిన హైబ్రిడ్ రకం మూడోది. ఫ్లాట్ రకమే మేలని షాపువాళ్లు తడుముకోకుండా చెబుతారు. నేను అంత సులువుగా ఒప్పుకోను. ఫ్లాట్ బ్లేడు గాలికి లేవదు, తుప్పు పట్టే కీళ్లు లేవు, అద్దం పొడవునా ఒకే ఒత్తిడి ఇస్తుంది. హైవే మీద ఎక్కువ తిరిగేవారికి, సముద్రం ఒడ్డున ఉండేవారికి అదే సరైనది. కానీ దాని వంపు కారు అద్దం వంపుకు సరిపోవాలి. బాగా గుండ్రంగా ఉండే అద్దాలకు చవక ఫ్లాట్ బ్లేడు పెడితే రెండు కొసలూ అద్దాన్ని తాకవు, ఆ మూలల్లో నీళ్లు అలాగే నిలుస్తాయి. మీ కారు కంపెనీ నుంచి ఫ్రేము బ్లేడుతోనే వచ్చి, మీరు ఊళ్లోనే తిరిగేవారైతే, మంచి ఫ్రేము బ్లేడే చాలు. దానికి ఇంకో లాభం ఉంది. ఫ్రేము బాగుంటే రబ్బరు పట్టీ ఒక్కటే కొని మార్చుకోవచ్చు. చాలా చవక, చెత్త కూడా తక్కువ. పట్టీ లోపల దూర్చే రెండు సన్నటి ఇనుప రేకుల వంపు ఎటు ఉందో తీసేముందు చూసుకుని అలాగే పెడితే చాలు.

అసలు తేడా ఆకారంలో కాదు, రబ్బరులో ఉంది. సహజ రబ్బరు మీద గ్రాఫైటు పూత పూసినవి మార్కెట్లో ఎక్కువ. గ్రాఫైటు వల్ల రాపిడి తగ్గి, మొదట్లో చప్పుడు లేకుండా తిరుగుతాయి. సిలికాన్ బ్లేడు ధర వీటికి బాగా ఎక్కువ. ఎండకూ ఓజోన్‌కూ సిలికాన్ చక్కగా తట్టుకుంటుంది, ఏళ్ల తరబడి మెత్తగా ఉంటుంది. దాన్ని అమ్మేవారు చెప్పేదీ ఇదే, ఇది నిజమే. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, రాపిడికీ కోతకూ సిలికాన్ సహజ రబ్బరంత గట్టిది కాదు. ఇసుక దుమ్ములో దాని అంచు తొందరగా చెక్కుకుపోతుంది. కాబట్టి ఆఫీసు దగ్గర రోజంతా ఎండలో నిలబడే నగరం కారుకు సిలికాన్ పెట్టడం సబబు. మట్టి రోడ్లలో, క్వారీల దగ్గర తిరిగే బండికి ఆ డబ్బు దండగ. అక్కడ ఏడాదికొకసారి మార్చే మామూలు గ్రాఫైటు బ్లేడే మంచిది.

కొలత విషయంలో మాత్రం రాజీ పడకండి. చాలా కార్లకు డ్రైవరు వైపు పొడుగు బ్లేడు, పక్క సీటు వైపు పొట్టి బ్లేడు ఉంటుంది. మనకు డ్రైవరు కుడివైపు కాబట్టి పొడుగుది ఎటు వెళ్లాలో చూసుకోవాలి. పొడుగైతే ఎక్కువ అద్దం తుడుస్తుందని ఒక అంగుళం పెద్దది పెట్టించుకునేవారున్నారు. అది పక్క స్తంభానికి కొట్టుకుంటుంది, లేదా రెండు బ్లేడ్లూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి, మోటారు మీదా భారం పెరుగుతుంది. టాటా నానోకు, టయోటా ఎటియోస్‌కు ముందు ఒక్క వైపరే ఉండేది. అలాంటి కార్లకు కొలత తప్పితే ఆదుకునే రెండో బ్లేడే ఉండదు. కొక్కెం సంగతీ అంతే. మన దగ్గర ఎక్కువ కార్లలో బ్లేడును పట్టుకునే ఆర్మ్ చివర గొడుగు కర్రలా వంగిన కొక్కెం ఉంటుంది, దానికి చాలా బ్లేడ్లు సరిపోతాయి. కొన్ని యూరప్ కంపెనీల కార్లకు నొక్కితే ఊడే ప్రత్యేకమైన బిగింపు ఉంటుంది. ప్యాకెట్లో నాలుగైదు ప్లాస్టిక్ అడాప్టర్లు వేసి అన్నిటికీ సరిపోతుందనే బ్లేడు కొంటే, అడాప్టరు వదులుగా ఉండి బ్లేడు ఊగడం మొదలవుతుంది. అలాంటి కార్లకు సరిగ్గా ఆ మోడల్‌కే చేసినది అడిగి తీసుకోండి.

బాష్, వాలియో, డెన్సో లాంటి పేర్లన్నిటికీ డూప్లికేట్లు తిరుగుతుంటాయి. ప్యాకెట్ మీద తయారీ నెల, సంవత్సరం చదవండి. రబ్బరు షాపు అరలోనూ ముసలిదవుతుంది, రెండేళ్ల కిందటి సరుకు కొత్తది కాదు. పెదవిని వేలితో నెమ్మదిగా ఒకవైపుకు వంచి వదిలితే చటుక్కున తిరిగి రావాలి. బద్ధకంగా వచ్చినా, వంగినచోటే ఉండిపోయినా ఆ జత వద్దనండి. బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. పాత బ్లేడు తీశాక ఆ ఉత్త ఇనుప ఆర్మ్ స్ప్రింగు బలంతో టపీమని అద్దం మీద పడితే అద్దం పగిలిపోతుంది. అందుకే అద్దం మీద ముందుగా మందపాటి తువాలు మడిచి పరచాలి. కొత్త బ్లేడు పెదవి మీద రక్షణ కోసం ప్లాస్టిక్ తొడుగు ఉంటే అది తీయించడం మరవకండి. తొడుగుతోనే తిప్పి బ్లేడు బాగాలేదని తిరిగి తెచ్చేవారిని షాపువాళ్లు చూస్తూనే ఉంటారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. వైపర్ పాడైందని మనం అనుకునేవాటిలో చాలావరకు అద్దం మురికి. కాబట్టి డబ్బు తీసేముందు గీతను చదవడం నేర్చుకోవాలి. సన్నటి ఒకే గీత మిగిలితే, తడిగుడ్డను వేళ్లకు చుట్టి పెదవి పొడవునా ఒకసారి లాగండి. గుడ్డకు నల్లటి మసి అంటుకుంటుంది. ఆ మసి తగ్గేదాకా రెండు మూడుసార్లు తుడిచి మళ్లీ నీళ్లు చల్లి తిప్పండి. గీత పోతే అది మురికి. వైపర్ ఎటు కదిలినా అదే చోట గీత మిగిలితే అంచు చెక్కుకుపోయింది, బ్లేడు మార్చాల్సిందే. గీత కాకుండా వెడల్పాటి పట్టీలా మధ్యలో తుడవకుండా వదిలేస్తుంటే ఫ్రేము కీలు బిగుసుకుందో, ఆర్మ్ స్ప్రింగు వదులైందో చూడాలి. అక్కడ కొత్త రబ్బరు వేసినా ఉపయోగం లేదు. ఒకవైపు వెళ్లేటప్పుడు శుభ్రంగా తుడిచి, వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం టకటకలాడుతుంటే, వైపర్‌ను అద్దం మధ్యలో ఆపి బ్లేడు కొస వైపు నుంచి చూడండి. బ్లేడు అద్దానికి నిటారుగా నిలబడకపోతే ఆర్మ్ మెలిక పడింది. కార్ వాష్‌లో గుడ్డతో గట్టిగా లాగినప్పుడు ఇలా అవుతుంది. తెలిసిన మెకానిక్ దాన్ని రెండు పట్టకార్లతో కొంచెం తిప్పి సరిచేస్తాడు, బ్లేడు అక్కర్లేదు. వైపర్ వెనకే ఒక మసక పొర వచ్చి, క్షణంలో మాయమవుతుంటే, అది అద్దం మీద నూనె.

ఆ నూనె ఎక్కడిదని అనిపించవచ్చు. ముందు పోయే లారీ, బస్సు డీజిలు పొగ, రోడ్డు మీది తారు, సర్వీసింగ్‌లో కారు మెరవాలని కొట్టిన పాలిష్ చుక్కలు, అన్నీ అద్దం మీదే పేరుకుంటాయి. తెలుసుకోవడం తేలిక. చల్లబడిన అద్దం మీద మగ్గుతో నీళ్లు పోయండి. నీరు దుప్పటిలా సమంగా జారితే అద్దం శుభ్రం. అక్కడక్కడా మరకల్లా చీలిపోతే నూనె ఉంది. ముందు పైపుతోనో, బకెట్‌తోనో దుమ్మంతా కడిగేయాలి. ఇది వదిలేసి గుడ్డతో రుద్దితే ఆ ఇసుకతోనే అద్దాన్ని గీరినట్టు. ఆ తరవాత గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు తడిగుడ్డ మీద వేసుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు మొత్తం రుద్ది, బాగా కడిగి, మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టాలి. ఇంకా మరకలుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిస్తే సరి. బోరు నీళ్ల తెల్ల చారలు వేరే జాతి. వాటికి నీళ్లు కలిపిన వెనిగర్ గుడ్డతో అద్దాన్ని తుడిచి, పెయింటు మీద కారకుండా వెంటనే కడిగేయాలి. ఇదంతా చేశాక అదే పాత బ్లేడు మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు కొత్తది కొనాల్సిన పని ఉండదు.

వాషర్ ట్యాంకులో ఏం పోయాలన్న దాని మీద కూడా మన ఇళ్లలో ఒక పొరపాటు పాతుకుపోయింది. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వృథా కాకూడదని చాలామంది వాటితో కారు కడుగుతారు, ట్యాంకూ నింపుతారు. పొదుపు మంచిదే. కానీ ఆ నీటిలో లవణాలు మామూలు నీటికంటే ఎక్కువ. అవి ఎండలో ఆరిపోగానే తెల్ల మచ్చలవుతాయి, నాజిల్ సన్నటి రంధ్రాన్ని మూసేస్తాయి. వాటిని మొక్కలకు కాకపోతే ఇల్లు కడగడానికి వాడండి, కారుకు వద్దు. ట్యాంకుకు ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు చాలా బాగుంటాయి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఒక బాటిల్ పట్టుకుని గుడ్డతో వడగట్టి పోస్తే చాలు. కారు కోసం అమ్మే వాషర్ లిక్విడ్ కొంచెం కలిపితే ఇంకా మంచిది. షాంపూ, బట్టల సబ్బు పొడి వేస్తే నురగ అద్దమంతా నిలిచిపోతుంది. ట్యాంకు ఎండిపోయాక మీట లాగుతూ కూర్చుంటే పంపు కాలిపోవచ్చు.

డ్రైవర్ల చిట్కాల్లో కొన్ని నిజంగా పనికొస్తాయి. వైపర్ పాడై దారిలో ఇరుక్కున్నప్పుడు అద్దం మీద పొగాకు గానీ, కోసిన బంగాళాదుంప గానీ రుద్దడం పాతకాలం నుంచీ ఉంది. అవి వదిలే పొర వల్ల నీరు చుక్కలుగా నిలవకుండా పల్చగా పరుచుకుని జారిపోతుంది. ఊరు చేరడానికి అది చాలు, వైపర్‌కు బదులు మాత్రం కాదు. చప్పుడు పోవాలని రబ్బరుకు కిరసనాయిలు, ఇంజనాయిలు, వాజలైన్ రాయడం మాత్రం మానుకోవాలి. రెండు రోజులు మెత్తగా తిరుగుతుంది, తరవాత సహజ రబ్బరు ఉబ్బి, వదులై, అద్దమంతా నూనె పూస్తుంది. అంచును సాండ్‌పేపర్‌తో రుద్దమని చెప్పేవారూ ఉన్నారు. కంపెనీలో ఆ అంచును సూటిగా కోస్తారు. సాండ్‌పేపర్ దాన్ని గుండ్రంగా, గరుకుగా చేస్తుంది. ఆ పూటకు బాగున్నట్టు అనిపిస్తుందంతే.

ఎండలో నిలిపినప్పుడు వైపర్లను పైకి లేపి ఉంచాలా అన్నది మన కాలనీల్లో తెగని పంచాయితీ. లేపితే రబ్బరు కాలే అద్దాన్ని తాకదు, వంపు పడదు. ఈ మాటలో నిజముంది. కానీ లేపినా ఎండ, ఓజోన్ వదలవు. దారిన పోయే పిల్లాడి చెయ్యి తగిలి ఆర్మ్ టపీమని వాలిందంటే అద్దం పోతుంది. కొత్త కార్లలో వైపర్లు బానెట్ అంచు కింద దాక్కుని ఉంటాయి, వాటిని బలవంతంగా లేపితే బానెట్ రంగు ఊడుతుంది. వాటిని పైకి తెచ్చే సర్వీసు పద్ధతి మాన్యువల్‌లో చూసుకోవాలి. రోజూ లేపడం అనవసరం అన్నది నా తీర్పు. నీడ వెతుక్కోవడం, అది దొరక్కపోతే అద్దం మీద, వైపర్ మీద కలిపి పరిచే సన్‌షేడ్ వేయడం మేలు. నెలల తరబడి బండి తీయకుండా ఊరెళ్తున్నప్పుడు మాత్రం లేపడమో, బ్లేడ్లు ఊడదీసి ఇంట్లో పెట్టడమో చేయండి. ఊడదీస్తే ఆర్మ్ కింద గుడ్డ మరవకండి.

నీరు జారిపోయే కోటింగుల గురించి ఇప్పుడు ఎక్కువ వినబడుతోంది. హైవే వేగంలో గాలికి చుక్కలు వాటంతటవే ఎగిరిపోతాయి, బాగుంటుంది. హైదరాబాద్ ట్రాఫిక్ వేగంలో ఎగరవు. పైగా ఆ పూత మీద కొన్ని బ్లేడ్లు టకటకలాడతాయి. రెయిన్ సెన్సరు ఉన్న కార్లకు ఇంకో జాగ్రత్త. సెన్సరు అద్దంలోకి కనబడని కాంతిని పంపి, అది ఎంత తిరిగొచ్చిందో కొలుస్తుంది, నీటి చుక్కలుంటే తక్కువ తిరిగొస్తుంది. సెన్సరు ముందున్న అద్దం మురికిగా ఉంటే లెక్క తప్పుతుంది. కారు కడిగించేటప్పుడు ఆటో మోడ్ ఆపేయాలి, లేకపోతే తడిగుడ్డ తగలగానే ఆర్మ్ కదిలి తుడిచేవారి వేళ్లకు కొడుతుంది. లేన్ తప్పితే హెచ్చరించే కెమెరాలున్న కొత్త కార్లు కూడా వైపర్ తుడిచే ఆ ముక్కలోంచే రోడ్డును చూస్తాయి. అక్కడ గీతలు పడితే కెమెరాకూ చూపు తగ్గుతుంది.

లంబసింగిలో, అరకు ఘాట్‌లో పొగమంచు వేళ అద్దం మసకైతే వైపర్‌ను నిందించకండి. ఆ మసక లోపలిదైతే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పితే క్షణాల్లో విడుతుంది. చికాగోలో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. అక్కడ మంచు తుపాను చెప్పిన రాత్రి వైపర్లు లేపి ఉంచడం సరైన అలవాటే. ట్యాంకులో గడ్డకట్టని ద్రవమే పోయాలి. అద్దానికి అతుక్కున్న మంచును వైపర్‌తో లాగించకూడదు, మోటారు లింకేజీ విరుగుతుంది. ఇక్కడి నుంచి వెళ్లిన కొత్తలో ఇది తెలియక ఇబ్బంది పడేవారికి ఎవరైనా ముందే చెబితే మంచిది.

ఎప్పుడు మార్చాలి? ఆరు నెలలకో, ఏడాదికో అని కంపెనీలు చెబుతాయి. ఆ లెక్క పట్టుకుని జనవరిలో మార్చిన బ్లేడు రోహిణి కార్తె మొత్తం ఎండి, మొదటి వానకు పాతదైపోతుంది. మన దగ్గర సరైన సమయం ఎండలు తగ్గే ముఖం పట్టినప్పుడు, మృగశిర రాకముందు. జూన్ మొదటి వారం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వాళ్లు సెప్టెంబరు చివర మార్చుకోవచ్చు. అప్పుడే బానెట్ ఎత్తి వైపర్ల కింద ఉన్న జాలీలో పడ్డ వేపాకులు, చెత్త తీయించండి. అవి నీరు పోయే దారిని మూసేస్తే, వాన నీళ్లు వైపర్ మోటారు మీదికీ, కారులోపలికీ చేరతాయి.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం ముందు అద్దం ఉన్న కారుకు సరిగా పనిచేసే, యంత్రశక్తితో నడిచే వైపర్ ఉండాలి. కానీ సొంత కారుకు రిజిస్ట్రేషన్ ఒకేసారి 15 ఏళ్లకు ఇస్తారు, ఆ మధ్యలో ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేవారు చూసేది పొగను, ఇన్సూరెన్సు వాళ్లు చూసేది కాగితాలను. ఆ 15 ఏళ్లలో మీ వైపర్ పెదవి మీద వేలు పెట్టి చూసేవారు మీరు తప్ప ఇంకెవరూ ఉండరు. ఈ ఆదివారం కారు కడిగేటప్పుడు ఆ పని చేయండి.